క్లిప్పుల చికిత్సతో పాటు నాలుక, పెదవులు, ముఖ కండరాల వ్యాయామాలు: ఏది ముందు, ఏది తర్వాత, ఎలా చేయాలి

పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవారిలో కొందరికి ఆర్థోడాంటిస్ట్ (పళ్ళ వరుస సరిచేసే దంతవైద్యుడు) నాలుకకూ పెదవులకూ కొన్ని వ్యాయామాలు చెప్పి పంపుతారు. అక్కడ చూపించినప్పుడు అన్నీ తేలికగానే కనిపిస్తాయి. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడ్డాక మాత్రం నాలుక కొన సరిగ్గా ఎక్కడ ఆనాలో, గుటక వేసేటప్పుడు పళ్ళు కలవాలో విడిగా ఉండాలో, నాలుక కొన మీద పెట్టుకున్న చిన్న రబ్బరు జారిపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియక చాలామంది వారం తిరగకముందే మానేస్తారు. ఈ మార్గదర్శి ఆ సందేహాలను వరుసగా తీసుకుంటుంది.

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. పన్ను కదలడానికి ఎంత బలం పడిందన్న దానికంటే అది ఎంతసేపు పడిందన్నది ముఖ్యం. గుటక వేసేటప్పుడు నాలుక పళ్ళను తోసేది సుమారు ఒక్క సెకను మాత్రమే. రోజుకు వెయ్యి గుటకలు లెక్కవేసినా మొత్తం 17 నిమిషాలు దాటదు. కానీ ఏ పనీ లేనప్పుడు నాలుక ముందు పళ్ళ మధ్యకు జారి కూర్చుంటే, ఆ తేలికపాటి ఒత్తిడి గంటల తరబడి పడుతూనే ఉంటుంది. అందుకే అద్దం ముందు చేసే పది నిమిషాల వ్యాయామం శిక్షణ మాత్రమే. మిగిలిన రోజంతా నాలుక ఎక్కడ విశ్రాంతి తీసుకుంటుందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఈ వ్యాసంలోని వరుస క్రమం మొత్తం దీనిమీదే ఆధారపడి ఉంది.

1. ఎవరికి అవసరం, ఎవరికి అవసరం లేదు

క్లిప్పులు వేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఈ వ్యాయామాలు అక్కరలేదు. పళ్ళు ఇరుకుగా ఉండి, పెదవులు సహజంగా మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీసుకునేవారికి వీటివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. కింది లక్షణాలు ఉన్నవారి విషయంలో వైద్యులు వీటిని ఎక్కువగా సూచిస్తారు.

- వెనుక పళ్ళు కలిసినా ముందు పళ్ళ మధ్య ఖాళీ మిగిలిపోవడం
- ఊరికే కూర్చున్నప్పుడు నోరు కొద్దిగా తెరుచుకుని ఉండటం
- గుటక వేసేటప్పుడు గాని, 'స' పలికేటప్పుడు గాని నాలుక పళ్ళ మధ్యకు రావడం
- పెదవులు మూయాలంటే గడ్డం బిగించాల్సి రావడం
- ఒకసారి చికిత్స పూర్తయ్యాక పళ్ళు మళ్ళీ పాత స్థితికి జరగడం

పిల్లలకు సాధారణంగా 7, 8 ఏళ్ళు వచ్చి, చెప్పినది అర్థం చేసుకుని రోజూ చేయగలిగినప్పుడే మొదలుపెట్టడం మంచిది. పాలపళ్ళు ఊడి ముందు పళ్ళు ఇంకా రాని సమయంలో నాలుక ఆ సందులోకి రావడం సహజమే. దాన్ని వెంటనే దురలవాటుగా లెక్కించకూడదు.

ఈ వ్యాయామాలు పళ్ళను తమంతట తాము వరుసలో పెట్టవు, పెద్దవారి దవడ ఎముక ఆకారాన్ని మార్చవు. నాలుకను అంగిలికి నొక్కి పెడితే దవడ రూపురేఖలే మారిపోతాయని చెప్పే వీడియోలను ఇక్కడే పక్కన పెట్టేయండి. వీటి అసలు ఉపయోగం క్లిప్పులు సాధించినది నిలబడటంలో ఉంటుంది. ముందు పళ్ళ మధ్య ఖాళీకి చికిత్స చేయించుకున్నవారిని పోల్చి 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఈ వ్యాయామాలు కూడా చేసినవారికి ఆ ఖాళీ సగటున 0.5 మిల్లీమీటర్లు తిరిగి రాగా, చేయనివారికి 3.4 మిల్లీమీటర్లు తిరిగి వచ్చింది. అయితే ఈ రంగంలో పెద్ద ఎత్తున జరిగిన, పకడ్బందీ పరిశోధనలు తక్కువే కాబట్టి ఈ అంకెలను హామీగా తీసుకోకూడదు.

2. మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి

అడ్డంకి ఒకచోట ఉండగా వ్యాయామం మరోచోట చేస్తే శ్రమ వృథా అవుతుంది. ముక్కు మూసుకుపోయిన పిల్లవాడిని పెదవులు మూసి ఉంచమనడం అలాంటిదే.

- ముక్కు: ఎడినాయిడ్లు (ముక్కు వెనుక, గొంతు పైభాగంలో ఉండే కణజాలం) పెరగడం, పెద్దవైన టాన్సిల్స్, అలర్జీ జలుబు, వంకర ముక్కుదూలం వంటివి ఉన్నాయేమో చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. నిద్రలో గురక గాని, ఊపిరి ఆగి ఆగి రావడం గాని ఉంటే ఈ పరీక్షను వాయిదా వేయకూడదు.
- నాలుక కింది తీగ: నోరు బాగా తెరిచినప్పుడు నాలుక కొన అంగిలి వైపు సగం దూరం కూడా లేవకపోతే ఆ తీగ పొట్టిగా ఉండవచ్చు. దాన్ని సరిచేయాలా వద్దా అన్నది పరీక్షించిన వైద్యుడే నిర్ణయించాలి. సరిచేయిస్తే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చేయవలసిన వ్యాయామాలు వేరుగా ఉంటాయి.
- వేలు చీకడం, గోళ్ళు కొరకడం, పెన్ను నమలడం: ముందు ఇవి ఆగాలి. బొటనవేలు నోట్లో ఉన్నంతసేపూ నాలుక కిందికే దిగి ఉంటుంది.
- దవడ కీలు: నోరు తెరిచినప్పుడు నొప్పి, పట్టేయడం ఉంటే ముందే చెప్పాలి. కొన్ని వ్యాయామాలను తగ్గించాల్సి వస్తుంది.
- నోట్లో ఉన్న పరికరం: అంగిలిని వెడల్పు చేసే పరికరం గాని, నాలుకను ఆపే తీగల అమరిక గాని ఉంటే కింద 4వ, 6వ భాగాల్లోని కొన్ని వ్యాయామాలు అది తీసేదాకా ఆగాలి. అంగిలి ఇరుకుగా ఉన్నప్పుడు నాలుకకు పైన చోటే ఉండదు; ముందు చోటు ఏర్పడాలి, తర్వాతే నాలుక అందులో కుదురుతుంది.

కావలసిన సామాను కొంచెమే: ముఖమంతా కనిపించే అద్దం, శుభ్రమైన చెక్క ఐస్‌క్రీం పుల్లలు, మంచినీళ్ళు, వైద్యుడు ఇచ్చిన చిన్న రబ్బర్లు, రోజువారీ గుర్తులు పెట్టుకునే కాగితం. రబ్బరు పదార్థాలు పడనివారు ఆ సంగతి చెప్పి వేరే రకం అడిగి తీసుకోవాలి. మొదటి రోజే పక్కనుంచీ ఎదురుగానూ ముఖం ఫొటోలు తీసి ఉంచుకుంటే తర్వాత పోల్చి చూడటానికి పనికివస్తాయి.

3. మొదటి అంచె: ముక్కుతో ఊపిరి

వీపు నిటారుగా ఉంచి కూర్చోండి. పెదవులు తేలికగా మూసి, ముక్కుతోనే నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. 3 నిమిషాలతో మొదలుపెట్టి 5 నిమిషాలకు పెంచండి. భుజాలు పైకి లేవకుండా పొట్ట కదులుతుండాలి.

తర్వాత ఒక గుక్క నీళ్ళు నోట్లో పట్టి ఉంచి, మింగకుండా ముక్కుతోనే ఊపిరి తీసుకోండి. 2, 3 నిమిషాలు ఇబ్బంది లేకుండా గడిస్తే ముక్కు దారి చాలినంత ఉన్నట్టే. అర నిమిషానికే ఆయాసం వచ్చి నోరు తెరవాల్సి వస్తే వ్యాయామాన్ని బలవంతంగా కొనసాగించకుండా వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. కొన్ని గంటలకొకసారి ముక్కులో ఒక రంధ్రం కొంచెం బిగుసుకోవడం, ఇంకొకటి తెరుచుకోవడం అందరిలోనూ జరిగేదే. ఎప్పుడూ ఒకే రంధ్రం మూసుకుని ఉంటేనే పట్టించుకోవాలి.

4. రెండో అంచె: నాలుకకు దాని చోటు చూపించడం

తొందరపడకూడని అంచె ఇదే. దీనికి రెండు, మూడు వారాలు పట్టినా పరవాలేదు.

*చోటు గుర్తించడం.* శుభ్రంగా కడిగిన వేలితో పై ముందు పళ్ళ వెనుక తడమండి. పళ్ళు అయిపోయి చిగురు మొదలైన చోట మధ్యలో చిన్న బొడిపె తగులుతుంది, దాని వెనుక అడ్డంగా గరుకైన ముడతలుంటాయి. నాలుక కొన ఆనవలసింది ఆ బొడిపె దగ్గర, పళ్ళకు తగలకుండా. తెలుగువారికి ఒక తేలికైన గుర్తుంది: 'త', 'ద' పలికితే నాలుక పళ్ళకు తగులుతుంది, 'ళ', 'ణ' పలికితే బాగా వెనక్కి మడతపడుతుంది. 'ల' అనబోయి ఆగిపోతే నాలుక కొన చాలామందిలో కావలసిన చోటుకు దగ్గరగానే ఉంటుంది.

*కొన నిలపడం.* ఐస్‌క్రీం పుల్లతో ఆ చోటును రెండు మూడు సెకన్లు మెల్లగా తాకి, పుల్ల తీసి, అక్కడే నాలుక కొన పెట్టండి. నోరు రెండు వేళ్ళ వెడల్పు తెరిచి 10 సెకన్లు ఉంచండి. 10 సార్లు చేయండి. కొన సూదిగా మొనదేలకుండా, వదులుగా ఆని ఉండాలి.

*టక్ చప్పుడు.* నాలుకను మొత్తంగా అంగిలికి అతికించి టక్కున వదలండి. చప్పుడు గట్టిగా, ఒక్కటిగా రావాలి. మెత్తగా, తడిగా వస్తే నాలుక మధ్య భాగం అతుక్కోలేదని అర్థం. నెమ్మదిగా 15 సార్లు చాలు.

*అతికించి పట్టి ఉంచడం.* టక్ చప్పుడు చేయబోయే ముందు నాలుక ఎలా అతుక్కుని ఉందో అలాగే ఉంచి, నోటిని వీలైనంత తెరవండి. నాలుక కింది తీగ సాగి కనిపించాలి. 10 సెకన్లు ఉంచి వదలండి. 5 నుంచి 10 సార్లు చేయండి. దవడ పక్కకు జరిగినా, కీలు దగ్గర చప్పుడు వచ్చినా తక్కువ తెరవండి.

*విశ్రాంతి స్థితి.* పై మూడు వ్యాయామాలూ ఎందుకు చేశామో అది ఇదే: కొన తన చోట, మిగతా నాలుక అంగిలికి తేలికగా ఆని, పై, కింది పళ్ళ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ, పెదవులు మూసి, ఊపిరి ముక్కుతో. మొదట్లో 5 నిమిషాలు చదువుకుంటూనో, ఏదైనా చూస్తూనో ఉంచండి. ఇక్కడ పళ్ళు బిగపట్టడం చాలామంది చేసే తప్పు. నాలుక పైకి వెళ్ళిందంటే దవడ కూడా బిగించాలని శరీరం అనుకుంటుంది; అలా అలవాటైతే దవడ నొప్పి మిగులుతుంది.

మూడో అంచెకు వెళ్ళే ముందు:

- అద్దం లేకుండా నాలుక చోటు దొరుకుతోందా?
- టక్ చప్పుడు ప్రతిసారీ గట్టిగా వస్తోందా?
- 5 నిమిషాల తర్వాత చూసుకుంటే నాలుక ఇంకా పైనే ఉందా?

5. మూడో అంచె: పెదవులు

పెదవులు కలవడం ఒక్కటే సరిపోదు, ఎలా కలుస్తున్నాయో చూడాలి. గడ్డం మీది చర్మం నారింజ తొక్కలా గుంతలు పడితే, కింది పెదవిని గడ్డం కండరం నెట్టి పైకి తెస్తోందన్నమాట. అద్దంలో చూసుకుని, ఆ గుంతలు లేకుండా పెదవులు కలిసే దాకా అభ్యసించాలి.

- పై పెదవి సాగదీయడం: పై పెదవిని పై పళ్ళ మీదుగా కిందికి లాగి 10 సెకన్లు ఉంచండి. 10 సార్లు. పై పెదవి పొట్టిగా ఉన్నవారికి ఇదే ముఖ్యం.
- కాగితం పట్టడం: మడత పెట్టిన కాగితాన్ని, తర్వాత ఐస్‌క్రీం పుల్లను, పెదవుల మధ్య మాత్రమే పట్టి ఉంచండి. పళ్ళు తగలకూడదు. 1 నిమిషంతో మొదలుపెట్టి క్రమంగా 5 నిమిషాలకు పెంచండి.
- బుగ్గలు ఉబ్బించడం: పెదవులు మూసి గాలిని ఒక బుగ్గ నుంచి మరో బుగ్గకు 10 సార్లు మార్చండి. గాలి ఎక్కడ తప్పించుకుంటుందో పెదవిలో ఆ వైపు బలహీనంగా ఉంటుంది.

దారం కట్టిన పెద్ద బొత్తాన్ని పెదవుల వెనుక పెట్టి లాగే వ్యాయామం కొందరు చెబుతారు. క్లిప్పులు ఉన్నప్పుడు అది బ్రాకెట్ల (పళ్ళకు అతికించిన చిన్న ముక్కల) మీద రాపిడి పెట్టి పెదవి లోపల పుండు చేయవచ్చు కాబట్టి, వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దనే నా సలహా. కొత్తగా క్లిప్పులు పడిన వారంలో పెదవులు మూయడమే కష్టమనిపిస్తుంది. గుచ్చుకునే చోట మైనం పెట్టుకుని, నొప్పి తగ్గేదాకా ఈ అంచెను ఆపవచ్చు.

6. నాలుగో అంచె: గుటక

నాలుక చోటు, పెదవుల మూత కుదిరాకే ఇక్కడికి రావాలి. చాలామంది దీనితోనే మొదలుపెట్టి విసిగిపోతారు.

సరైన గుటకలో క్రమం ఇది. కొన తన చోట ఆనుతుంది. వెనుక పళ్ళు తేలికగా కలుస్తాయి. నాలుక మధ్య భాగం, ఆ తర్వాత వెనుక భాగం అల మాదిరిగా అంగిలికి నొక్కుకుంటాయి. నీళ్ళు గొంతులోకి వెళతాయి. పెదవులు, గడ్డం, బుగ్గలు ఈ పనిలో ఏ పాత్రా తీసుకోవు. విశ్రాంతిలో పళ్ళు విడిగా ఉంటాయి, గుటకలో ఒక్క క్షణం కలుస్తాయి. మొదట్లో అడిగిన సందేహానికి జవాబు ఇదే.

6.1 రబ్బరుతో. చిన్న రబ్బరును నాలుక కొన మీద పెట్టి, ఆ కొనను దాని చోటుకు ఎత్తండి. పళ్ళు కలిపి, పెదవులు విడిగా ఉంచి, ఉమ్మిని వెనక్కి పీల్చి గుటక వేయండి. నోరు తెరిచి చూస్తే రబ్బరు అక్కడే ఉండాలి. పళ్ళ దగ్గరికి వచ్చి ఉంటే నాలుక ముందుకు తోసింది. నాలుక మీద వెనక్కి జరిగి ఉంటే కొన చోటు వదిలి వెనక్కి లాక్కుంది. పొద్దున 10, సాయంత్రం 10 సార్లు. పడుకుని గాని, నవ్వుతూ మాట్లాడుతూ గాని చేయకూడదు. చిన్నపిల్లలు పెద్దల సమక్షంలోనే చేయాలి. రబ్బరు ఊపిరి దారిలోకి వెళ్ళే ప్రమాదం చిన్నదే అయినా ఉంది.

6.2 నీళ్ళతో. ఒక చిన్న గుక్క తీసుకుని, నాలుక మీద నీళ్ళు నిలిపి, అదే క్రమంలో మింగండి. పెదవులను నవ్వుతున్నట్టు విడదీసి అద్దంలో చూడండి. పళ్ళ మధ్య నాలుక కనిపించకూడదు, నీళ్ళు ముందుకు కారకూడదు. రెండు చేతుల వేళ్ళను దవడ మూలల మీద ఆనిస్తే, గుటక సమయంలో అక్కడి కండరం కొద్దిగా ఉబ్బడం తెలుస్తుంది.

6.3 మెత్తని ఆహారంతో, తర్వాత మామూలు భోజనంతో. నమిలిన ముద్దను నాలుక మీద కూర్చి, అదే క్రమంలో మింగండి. భోజనం మొత్తం ఇలా తినాలని పట్టుబట్టకండి; మొదటి వారం ప్రతి పూటా మొదటి 5 ముద్దలు చాలు. తర్వాత సగం భోజనం, ఆపైన మొత్తం.

6.4 ఉమ్మి గుటక. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే తెలియకుండా జరిగిపోతుంది. పని మధ్యలో గుర్తు వచ్చినప్పుడల్లా ఒక్క గుటక సరిగా వేయడమే అభ్యాసం.

7. దవడ కండరాల గురించి క్లుప్తంగా

రెండు వైపులా సమానంగా నమలడం, గట్టి పదార్థాలను ముందు పళ్ళతో కొరకకపోవడం చాలు. పళ్ళు బిగించి పట్టే వ్యాయామాలు కొన్ని సందర్భాల్లో వైద్యులు చెబుతారు; చెప్పకపోతే సొంతంగా మొదలుపెట్టకూడదు.

8. ఐదో అంచె: అలవాటుగా మార్చడం

చాలామంది నాలుగో అంచె బాగా వచ్చిందని ఇక్కడితో ఆపేస్తారు. నేర్చుకోవడానికి సాధారణంగా రెండు, మూడు నెలలు పడుతుంది. అలవాటు కావడానికి ఆరు నెలలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ రెండో భాగంలో చేయవలసిన వ్యాయామం తక్కువ, గుర్తుంచుకోవలసినది ఎక్కువ.

- చదువుకునే బల్ల, ఫోను వెనుక, స్నానాల గది అద్దం మీద చిన్న రంగు చుక్కలు అంటించండి. చుక్క కనిపించినప్పుడల్లా నాలుక ఎక్కడుందో చూసుకోండి. కళ్ళు అలవాటు పడిపోతాయి కాబట్టి పది రోజులకొకసారి రంగు, చోటు మార్చండి.
- ఇంట్లో ఒకరు, పిల్లవాడికి తెలియకుండా, రోజుకు మూడు నాలుగుసార్లు దూరం నుంచి గమనించి నోరు మూసి ఉందా తెరిచి ఉందా అని రాసుకోవాలి. ఆ కాగితమే అసలు ప్రగతి పత్రం.
- గుర్తు చేయడానికి ఒక సైగ కుదుర్చుకోండి. "నోరు మూసుకో" అని పదే పదే అంటే అది తిట్టులాగే వినిపిస్తుంది, పిల్లలు మొండికేస్తారు.
- పడుకునే ముందు విశ్రాంతి స్థితిలో 5 నిమిషాలు ఉండండి. నిద్రలో నాలుకను ఎవరూ అదుపు చేయలేరు. పగటి అలవాటే నెమ్మదిగా రాత్రికి పాకుతుంది. నోటికి టేపు అంటించడం పిల్లలకు గాని, ముక్కు సమస్య, గురక ఉన్నవారికి గాని చేయకూడదు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

- నాలుక కొన మాత్రమే పైన, మధ్య భాగం కింద: టక్ చప్పుడుకు, అతికించి పట్టి ఉంచడానికి మళ్ళీ వెళ్ళండి.
- గుటకకు తల వెనక్కి వాల్చడం: గడ్డం కొద్దిగా కిందికి దించి, నీళ్ళు తగ్గించి చేయండి.
- గుటకలో పెదవులు ముడుచుకోవడం: పెదవులు విడిగా ఉంచి చేసే 6.1 అభ్యాసాన్ని మరో వారం చేయండి.
- ఒకేరోజు గంట చేసి, మూడు రోజులు మానేయడం: రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 10 నిమిషాలకు మించకుండా చేయండి. నాలుక అలసిపోయాక చేసేది తప్పు పద్ధతినే నేర్పుతుంది.
- అన్ని వ్యాయామాలూ ఒకేసారి మొదలుపెట్టడం: ఒక సమయంలో మూడింటికి మించకూడదు. కొత్తది చేర్చినప్పుడు పాతది ఒకటి తీసేయండి.
- నాలుక కింద నొప్పి: మొదటి వారంలో కండరాల అలసట సహజం. దవడ కీలు, చెవి ముందు భాగం నొప్పి పెడితే మాత్రం ఆపి వైద్యుడికి చెప్పండి.

10. క్లిప్పులు తీసిన తర్వాత

పళ్ళు వెనక్కి జరిగే అవకాశం ఎక్కువగా ఉండే కాలం ఇదే కాబట్టి, విశ్రాంతి స్థితి, నీళ్ళ గుటక ఈ రెండింటినీ రోజుకు ఒకసారైనా కొనసాగించాలి. ఈ వ్యాయామాలు, క్లిప్పులు తీశాక పళ్ళు జరగకుండా పట్టి ఉంచే పరికరమైన రిటైనర్‌కు బదులు కావు. చెప్పినన్ని గంటలు అది పెట్టుకోవలసిందే. అంగిలిని కప్పే ప్లేటు రకం రిటైనర్ ఉంటే నాలుకకు బొడిపె తగలదు. భోజనానికి అది తీసిన సమయంలోనే గుటక అభ్యాసం పెట్టుకోండి, పెట్టుకున్నప్పుడు ప్లేటు మీద అదే చోట నాలుక కొన ఆనించండి.

నెలకొకసారి వెనుక పళ్ళు కలిపి, పెదవులు విడదీసి, అదే వెలుతురులో ముందు పళ్ళ ఫొటో తీసి గత నెల ఫొటో పక్కన పెట్టి చూడండి. పై, కింది ముందు పళ్ళ మధ్య వెలుగు కనిపించడం మొదలైనా, రిటైనర్ ఒక్కసారిగా బిగుతుగా అనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా ఆ వారంలోనే ఆర్థోడాంటిస్ట్‌కు చూపించండి.